యంత్రమునకు కాలము తీర్చువా రెవరు?

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు మైక్రోసాఫ్టు కంపెనీవారు తమ ఉచిత పోషణమును చాలించిరి. 2015 జూలై 29న వెలువడిన యా వ్యవస్థ పదియేండ్లకు పైగా నడచినది. ఏ వ్యవస్థయు శాశ్వతము గాదు. క్రొత్తనీరు వచ్చి పాతనీటిని గొట్టుకొని పోవుట లోకములో నున్నదే. మేమిచట వాదింపదలచినది దానిని గూర్చి గాదు. క్రొత్త యింటికి రమ్మని పిలుచుచు, గడపకడ నిలిపిన కావలివానిని గూర్చి మాత్రమే.

విండోస్ 11 వెలువడినది 2021 అక్టోబరు 5న. దానికి 4 గిగాబైట్ల ర్యామును, 64 గిగాబైట్ల నిలువచోటును చాలునని కంపెనీవారే చెప్పిరి. ఈపాటి సంపత్తి పాత యంత్రములలో ననేకములకు గలదు. చిక్కు వేరొక చోట నున్నది. టీపీఎం 2.0 అను రహస్యరక్షణపు చిప్పు ఉండవలెను. సెక్యూర్ బూట్ అను ఏర్పాటు ఉండవలెను. పైగా ప్రాసెసరు వారి జాబితా కెక్కినదై యుండవలెను. కొన్ని మినహాయింపులు దప్ప, ఆ జాబితా ఇంటెల్ వారి ఎనిమిదవ తరముతోను, ఏఎండీ వారి రైజెన్ 2000 వరుసతోను మొదలగుచున్నది. అనగా 2017, 2018 సంవత్సరములకు ముందటివి దాదాపుగా వెలియే. 2015లో వచ్చిన ఆరవ తరపు ఐ7 ప్రాసెసరుతో, 16 గిగాబైట్ల ర్యాముతో నేటికిని చురుకుగా పనిచేయు యంత్రమునకు ప్రవేశము లేదు. దానికంటె నెంతో దుర్బలమైన సెలెరాన్ ఎన్4000 చిప్పుగల చౌక ల్యాప్‌టాపునకు ప్రవేశము గలదు! శక్తిని జూచి చేసిన విభజన గాదిది.

కంపెనీవారి పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. టీపీఎం చిప్పు తాళపుచెవులను సాఫ్ట్‌వేరునకు అందనిచోట దాచును. సెక్యూర్ బూట్ యంత్రము మేల్కొనునపుడే దొంగ ప్రోగ్రాము లోని కెక్కకుండ నడ్డగించును. ఇవి మేలైన రక్షణలే. మరమ్మతు లేని వ్యవస్థతో కాలము గడుపుదమనువారికి 2017 మే నెలలో వానాక్రై అను ఉపద్రవము చెప్పిన పాఠము చాలదా? దానికి విరుగుడు అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే, విడుదలయైనది. దానిని వేసికొనని యంత్రములు దేశదేశముల పట్టువడినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసువారి కంప్యూటర్లలో కొన్నియు దాని బారి బడినవి. కావున విండోస్ 10తోనే ఏమియు చేయక కూర్చుండుడని మేము సలహా నీయజాలము. మా ఆక్షేపణ యొక్కటే. రక్షణ కొఱకని చెప్పి, చక్కని యంత్రమును దాని యజమాని చేతనే చెత్తకుప్పలో వేయించుట న్యాయమగునా? 2022వ సంవత్సరమొక్కదానిలోనే లోకమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడినదని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. ఆ కుప్పకు మనమును తట్ట నెత్తవలెనా?

ఇక తెలుగువారికి ప్రత్యేకముగా తగులు సంగతి యొకటి గలదు. పెక్కు సంవత్సరములుగా మన ముద్రణాలయములలో పుస్తకములు, పెండ్లిపత్రికలు, కరపత్రములు పేజ్‌మేకరులో అను ఫాంటులతోనో, శ్రీలిపితోనో కూర్పబడినవి. ఆ ఫైళ్లలో నున్నది నిజమునకు తెలుగు గాదు. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు బొమ్మలు గీసిన ఫాంటు ద్వారా చూచినపుడే అది తెలుగుగా గనబడును. ఆ ఫాంటు లేనిచో అర్థములేని రోమను లిపి మిగులును. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము దొరకినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును చూపనేర్చినది. అయినను అచ్చుపని పాతదారినే సాగినది. ఏలయన పేజ్‌మేకరునకు యూనికోడు తెలుగు రాదు. ఆ పేజ్‌మేకరు తుది రూపము 7.0 వెలువడినది 2001లో. దాని ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు తెఱచుచుండెను. పిదప వచ్చిన సీసీ రూపములు తెఱువవు. చూడుడు, ఒక్కొక్క మెట్టు ఎట్లు విఱుగుచున్నదో! మూలగ్రంథము కర్త యింట లేదు, అచ్చుప్రతులు చెల్లిపోయినవి, మిగిలినది ముద్రాపకుని పాత యంత్రములోని ఫైలొక్కటే యైన పుస్తకము లెన్ని యుండునో! ఆ యంత్రమును తూకమునకు వేసిననాడు ఆ పుస్తకమును పోయినట్లే.

పరికరముల గతియు నిట్టిదే. విండోస్ 11కు 32 బిట్ల రూపము లేదు. పాత 32 బిట్ల ప్రోగ్రాములు పెక్కు దానిలో నడచునుగాని, 32 బిట్ల డ్రైవరులు నడువవు. డాసు కాలపు 16 బిట్ల జమాఖర్చుల ప్రోగ్రాములు బొత్తిగా నడువవు. కిరాణా కొట్టులోని రసీదుల ప్రింటరునకో, స్టూడియోలోని స్కానరునకో 64 బిట్ల డ్రైవరును తయారుదారుడు వ్రాసి యీయనిచో, ఆ వస్తువు చెడకయే చెడినట్లగును. కంప్యూటరు ధర మాత్రమే లెక్కవేసికొన్న వర్తకునకు ఈ రెండవ ఖర్చు పిదప దెలియును.

2025లో ప్రకటించిన షరతుల ప్రకారము గృహస్థులకు 2026 అక్టోబరు 13 వరకు రక్షణ మరమ్మతులు 30 డాలర్లకు లభించును. తమ యమరికలను కంపెనీవారి ఖాతాలో దాచుకొన నొప్పుకొన్నవారికి ఉచితము. సంస్థలకు మొదటి యేడు యంత్రమునకు 61 డాలర్లు, ఏటేట రెట్టింపు. ఐరోపా ఆర్థికమండలపు గృహస్థులకు ఆ దాచుకొను షరతు లేకయే ఉచితముగా నిచ్చిరి. అచటి వినియోగదారుల సంఘములు గట్టిగా నడిగినవి. మనమేల అడుగలేదు?

పాఠశాలలు, గ్రంథాలయములు మఱియొక దారి చూడవచ్చును. లినక్సు ఆధారిత వ్యవస్థలు పాత యంత్రములపై హాయిగా నడచును. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో నవి యేండ్ల తరబడి నడచుచున్నవి. పేజ్‌మేకరు దానిపై నేరుగా నడువదు గనుక ముద్రాపకులకు అది పూర్తి మందు గాదు. వారు ముందు చేయవలసినది పాత ఫైళ్లను యూనికోడులోనికి మార్చి, వేరొక డిస్కున భద్రపఱచుట. మార్చు సాధనములు ఉన్నవి. వత్తులు, గుణింతములు అచటచట తప్పును గనుక ప్రూఫు చూచువాని కన్ను తప్పదు. ప్రభుత్వము లిట్టి పనికి గ్రంథాలయ సంస్థల ద్వారా సాయపడుట యుచితము. ఇకమీదట కొను ప్రతి యంత్రమునకును ఎన్నియేండ్లు మరమ్మతులు వచ్చునో టెండరులోనే వ్రాయించుకొనవలెను.

యంత్రమును అమ్మివేయ నుద్యుక్తులైనవారు మఱియొక్క సంగతి పరీక్షింపవలెను. పెక్కు యంత్రములలో టీపీఎం ఉండియు బయోస్‌లో నిదురించుచుండును. ఇంటెల్‌లో పీటీటీ యనియు, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం యనియు దానికి పేరు. దానిని మేల్కొలిపి, పీసీ హెల్త్ చెక్ అను ఉచిత ప్రోగ్రామును మరల నడిపి చూచిన పిదపనే బేరమాడుట మంచిది.