ఉమ్మి పంపితే వంశవృక్షం వస్తుందా?

ఇన్‌స్టాలో ఇలాంటి రీల్ మీరూ చూసే ఉంటారు. ఓ చిన్న గొట్టంలో ఉమ్మి వేసి కొరియర్ చేస్తారు. కొన్ని వారాలకు ఫోన్‌లో రంగురంగుల మ్యాప్ వస్తుంది. మీ మూలాలు ఫలానా ప్రాంతంలో ఇంత శాతం, ఇంకోచోట ఇంత శాతం అని లెక్క చెబుతుంది. బాగానే ఉంది. కానీ మీ ముత్తాత పేరేంటి, ఏ ఊరి నుంచి వలసొచ్చాడు అనేది అందులో ఉంటుందా? వేల రూపాయలు పెట్టేముందు ఇది ఆలోచించాలి. గ్రూప్ డిస్కషన్‌లో డేటా ప్రైవసీ టాపిక్ వస్తే చెప్పడానికి కూడా ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ వ్యాపారంలో బాగా పేరున్నది అమెరికా కంపెనీ 23అండ్‌మీ. దాదాపు కోటిన్నర మంది కస్టమర్లు. 2023లో హ్యాకర్లు నేరుగా చొరబడింది సుమారు 14 వేల ఖాతాల్లోకే. అయినా దాదాపు 69 లక్షల మంది వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. ఎలాగంటారా? 'మీ డీఎన్‌ఏ బంధువులు వీళ్లే' అని చూపించే సదుపాయం ఉంది కదా, దాని ద్వారానే. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఆస్తుల వేలంలో అందరి కళ్లూ ఆ డేటా మీదే. చివరికి సహ వ్యవస్థాపకురాలు ఆన్ వొజిస్కీ పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఉమ్మి పంపినవాళ్లలో ఎంతమంది ఈ రోజు వస్తుందనుకున్నారు?

ఇక అసలు సంగతి. ఈ పరీక్షలో మీ డీఎన్‌ఏలో కొన్ని లక్షల చోట్ల తేడాలను చదివి, కంపెనీ దగ్గరున్న నమూనాలతో పోలుస్తారు. కాబట్టి మీ వాళ్లు ఆ డేటాబేస్‌లో ఉంటేనే బంధువులు దొరుకుతారు. యూరప్ మూలాలున్న అమెరికన్లకు దూరపు బంధువులు కుప్పలుగా దొరికేది అందుకే. మన ఊళ్ల నుంచి పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి?

దొరికినా ఇంకో చిక్కుంది. అదే మేనరికం. మామూలుగా మీకూ మీ బాబాయి కొడుక్కీ డీఎన్‌ఏ సుమారు 12.5 శాతం కలుస్తుంది. మీ అమ్మానాన్నలు మేనత్త, మేనమామ పిల్లలైతే అదే లెక్క 15 శాతం దాటుతుంది. ఇలా తరతరాలుగా ఒకే కులంలో, ఒకే చుట్టరికంలో పెళ్లిళ్లు జరిగితే ఎక్కడో దూరపు చుట్టం కూడా సాఫ్ట్‌వేర్ కంటికి దగ్గరివాడిలా కనిపిస్తాడు.

ఇది మన శాస్త్రవేత్తలకు కొత్త విషయం కాదు. హైదరాబాద్ సీసీఎంబీ భాగస్వామిగా 2017లో వచ్చిన పరిశోధనలో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను చూశారు. చాలావాటికి మూలం కొద్దిమంది పూర్వీకులేనని తేలింది. దీనికి వైద్యపరంగా విలువ ఎక్కువ. ఉదాహరణకు వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు ఇచ్చే ఒక రకం కండరాల సడలింపు మందు పడదు, దానికి కారణం వారసత్వంగా వచ్చే ఓ ఎంజైమ్ లోపం. మత్తు డాక్టర్‌కు ఇది ముందే తెలిస్తే ప్రాణం నిలబడుతుంది. అంటే డీఎన్‌ఏ పనికిరాదని కాదు. ముత్తాత పేరు చెప్పడం దాని పని కాదంతే!

ఆ పని కాగితాలు చేస్తాయి. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, ఆంధ్రలో పాత అడంగళ్లు, ఆర్‌ఎస్‌ఆర్‌లు చూడండి. భూమి ఉన్న కుటుంబమైతే రెండు మూడు తరాల పేర్లు దొరకొచ్చు. భూమి లేనివాళ్లకు ఈ దారి మూసుకుపోతుంది, అది నిజం. వాళ్లకు స్కూలు రిజిస్టర్లు, ఊళ్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలే దిక్కు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల విషయంలోనూ అంతే. ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు రాసి పెట్టారు. వాళ్ల మునిమనవలకు ముందు ఉపయోగపడేది ఆ జాబితానే.

మరి డబ్బు పెట్టి చేయించుకోవడం ఎవరికి సబబు? నా ఉద్దేశంలో దత్తత వెళ్లి, కన్నవాళ్ల ఆచూకీకి ఒక్క కాగితం కూడా లేనివాళ్లకు. వాళ్లకు చిన్న ఆధారం దొరికినా గొప్పే. మిగతావాళ్లకు సరదా. కులం సర్టిఫికెట్‌కో, ఉద్యోగంలో రిజర్వేషన్‌కో ఈ రిపోర్టు రుజువుగా పనికొస్తుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

సరదాకే అనుకున్నా ఇంట్లో ఓ మాట అడగండి. మీ డీఎన్‌ఏలో దాదాపు సగం మీ చెల్లెలిది కూడా. 2018లో కాలిఫోర్నియాలో ఓ పాత హంతకుణ్ని పోలీసులు పట్టుకున్నది అతను ఇచ్చిన నమూనాతో కాదు, దూరపు బంధువులు ఆన్‌లైన్‌లో పెట్టుకున్న వివరాలతో. అక్కడ నేరస్థుడు దొరికాడు, సంతోషమే. కానీ అదే దారిలో ఇంకెవరైనా రావొచ్చు. మన 2023 డేటా రక్షణ చట్టంలో జన్యు సమాచారానికి ప్రత్యేక వర్గం అంటూ లేదు. డీఎన్‌ఏ టెక్నాలజీ బిల్లును కేంద్రం 2023లో వెనక్కి తీసుకుంది.

ఈ సబ్జెక్టు మీద ఆసక్తి కలిగిందా? గొట్టానికి పెట్టే డబ్బు పరీక్ష ఫీజుకు పెట్టండి. లైఫ్ సైన్సెస్ వాళ్లకు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ప్రవేశాలకు గాట్-బి, పీహెచ్‌డీ ఫెలోషిప్‌కు సీఎస్‌ఐఆర్ నెట్, డీబీటీ బెట్ ఉన్నాయి. కంప్యూటర్స్ వాళ్లు బయోఇన్ఫర్మాటిక్స్ వైపు చూడొచ్చు. సీసీఎంబీ హబ్సిగూడలో, సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో ఉన్నాయి. రెండింటికీ సిటీ బస్సులో వెళ్లి రావొచ్చు.