పుస్తకం చేతిలో ఉంటే పరీక్ష తేలికవుతుందా?

శ్రీకాకుళం జిల్లా: పదో తరగతి పబ్లిక్ పరీక్షలు జరిగే రోజుల్లో కేంద్రాల వద్ద కనిపించే దృశ్యం జిల్లా ప్రజలకు పరిచితమే. చుట్టూ నిషేధాజ్ఞలు అమల్లోకి వస్తాయి. సమీపంలోని జిరాక్సు దుకాణాలను మూయిస్తారు. ఇన్విజిలేటర్లు సైతం సెల్‌ఫోన్లను బయట అప్పగించి లోపలికి వెళ్లాలి. చీఫ్ సూపరింటెండెంటు, డిపార్ట్‌మెంటల్ అధికారి, సిట్టింగ్ స్క్వాడ్, ఫ్లయింగ్ స్క్వాడ్ అంటూ ఒక చిన్న సైన్యమే కదులుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో చేసిన పరీక్షల అక్రమాల నిరోధక చట్టాన్ని గోడలపై అంటిస్తారు. పదిహేనేళ్ల బాలుడి జేబులో అరచేయంత కాగితం ముక్క లేకుండా చూడడమే ఈ యంత్రాంగమంతటి పని.

అదే ఇన్విజిలేటరు తాను పరీక్ష రాయవలసి వచ్చినప్పుడు పరిస్థితి వేరు. పదోన్నతుల కోసం ఉపాధ్యాయులు, ఇతర ఉద్యోగులు రాసే డిపార్ట్‌మెంటల్ టెస్టులను రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహిస్తుంది. వాటిలో కొన్ని పేపర్లకు నిర్దేశిత పుస్తకాలను వెంట తీసుకుని వెళ్లే వెసులుబాటు ఏళ్ల తరబడి ఉన్నదే. ‘విత్ బుక్స్’ పేపర్లని వాటికి పేరు. నియమావళి పుస్తకాలను సంచుల్లో మోసుకుంటూ, కావలసిన పుటల వద్ద రంగురంగుల కాగితపు చీలికలు పెట్టుకుని ఉపాధ్యాయులు కేంద్రాలకు రావడం ఈ విలేకరి స్వయంగా చూసినదే. ఆ పరీక్షలను ఎవరూ కాపీ పరీక్షలనరు. వాటిలో అందరూ ఉత్తీర్ణులు కావడమూ లేదు. ‘పుస్తకం ఉంది కదా అని చదవకుండా వెళ్లాను. నియమం ఎక్కడుందో వెతుక్కునేసరికి గంట కొట్టేశారు. ఆ ఏడాది తప్పాను’ అని విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఒకరు నవ్వుతూ చెప్పారు.

పెద్దలకు సమ్మతమైన ఈ పద్ధతి పిల్లలకు తగదా అన్న ప్రశ్న ఇప్పుడు బడుల్లో వినిపిస్తోంది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి, అనగా సీబీఎస్‌ఈ, తొమ్మిదో తరగతిలో పుస్తకం చూసి రాసే పరీక్షలను 2026-27 విద్యా సంవత్సరం నుంచి ప్రవేశపెట్టేందుకు 2025లో ఆమోదం తెలపడమే ఇందుకు కారణం. భాషలు, గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో టర్ముకు మూడు చొప్పున జరిగే రాత పరీక్షల్లో ఇది భాగమవుతుంది. పాఠశాలలను నిర్బంధించబోమని మండలి వివరించింది. పదో తరగతి బోర్డు పరీక్షకు ఇది వర్తించదు. అయినప్పటికీ ‘ఇక చూసి రాయడమే’ అన్న మాట జిల్లాలో చాలా వేగంగా పాకింది. కొందరు తల్లిదండ్రులు సంతోషించారు, మరికొందరు చదువు చట్టుబండలైందని వాపోయారు. ఇరువర్గాలూ తొందరపడ్డాయనే చెప్పవలసి ఉంది.

ఎందుకంటే ఈ ప్రయత్నం మొదటిసారి కాదు. 2014 మార్చిలో ఇదే మండలి తొమ్మిది, పదకొండు తరగతులకు ఇటువంటి పరీక్షనే ప్రవేశపెట్టింది. పరీక్షకు దాదాపు నాలుగు నెలల ముందుగానే కొన్ని వ్యాసాలను పాఠశాలలకు పంపేవారు. విద్యార్థులు వాటిని చదివి, చర్చించి, పరీక్షలో వాటిపై వచ్చే ప్రశ్నలకు ఆ వ్యాసాలనే దగ్గర ఉంచుకుని సమాధానాలు రాయాలి. ఉద్దేశం మంచిదే. కాని నాలుగు నెలల వ్యవధి దొరికితే మన కోచింగ్ వ్యవస్థ ఊరకుంటుందా? వ్యాసం ఏదో ముందే తెలిసినప్పుడు రాగల ప్రశ్నలూ, వాటి జవాబులూ సిద్ధం చేయించడం ఎంతసేపు? ఆలోచింపజేయవలసిన పరీక్ష బట్టీకి మరో అవకాశమైంది. విద్యార్థుల్లో విమర్శనాత్మక సామర్థ్యం పెరగడం లేదన్న కారణంతో 2017-18 నుంచి దానిని ఎత్తివేశారు.

ఇటీవలి నిర్ణయానికి ముందు జరిపిన ప్రయోగాత్మక పరిశీలనలో బయటపడిన విషయం మరింత ఆలోచింపదగినది. పుస్తకాలు ఎదుట ఉన్నప్పటికీ విద్యార్థులకు వచ్చిన మార్కులు 12 నుంచి 47 శాతం మధ్యనే ఉన్నాయి. అవీ సీబీఎస్‌ఈ బడుల్లో. పుస్తకం చూసి రాస్తే అందరికీ నూటికి నూరు వస్తాయన్న భయానికి ఆధారం లేదని ఈ అంకెలు తేల్చాయి. పిల్లలకు పుస్తకాన్ని వాడుకోవడం మనం నేర్పలేదన్న సంగతి కూడా వీటితోనే బయటపడింది.

ఒక తరగతి గదిలో..

జిల్లాలోని ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే మాస్టారు తన తొమ్మిదో తరగతి పిల్లలకు పుస్తకం తెరిచి ఉంచి స్లిప్ టెస్టు పెట్టగా, చూసేందుకు రమ్మని పిలిచారు. పై అధికారుల ఉత్తర్వులేమీ లేవు. ఆయన సొంత ఆసక్తి. నల్లబల్లపై మూడే ప్రశ్నలు రాశారు. వాటిలో ఒకటి ఇది: ఒక ఇంట్లో 75 వాట్ల ఫ్యాను రోజుకు పది గంటలు తిరుగుతుంది. 60 వాట్ల పాత బల్బు ఒకటి ఆరు గంటలు వెలుగుతుంది. నెలకు ఎన్ని యూనిట్లు కాలుతుంది? బల్బు మార్చి తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ పెడితే ఎంత మిగులుతుంది? బిల్లు తగ్గించుకోవాలంటే మీరు దేనిపై ముందు దృష్టి పెడతారు, ఎందుకు?

పుస్తకాలు తెరవమనగానే గదిలో ఒక్కసారి సంబరం. ఆ తరువాత పది నిమిషాలపాటు పుటలు తిప్పుతున్న చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. విషయసూచిక తెరిచినవారు నలుగురైదుగురే. మిగిలినవారు మొదటి పుట నుంచి తిప్పుకుంటూ వచ్చారు. ‘మాస్టారూ, ఈ లెక్క పుస్తకంలో లేదండీ’ అని ఒక బాలిక లేచి ఫిర్యాదు చేసింది. ‘లేదమ్మా. పద్ధతి ఉంది, వెతుకు’ అన్నారాయన. కొందరు శక్తి నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా దించి కాగితాలు ఇచ్చేశారు. లెక్క పట్టుకున్నవారు మాత్రం పుస్తకం మూసేసి వేళ్లపై గుణించుకుంటూ కనిపించారు. ఫ్యానుకు ఇరవై రెండున్నర యూనిట్లు, పాత బల్బుకు పది చిల్లర అని తేల్చారు. బల్బు మారిస్తే తొమ్మిది యూనిట్లకు పైగా మిగులుతుందని రాసిన ఒక బాలుడు, చివర ‘ఫ్యాను ఆపితే అమ్మ ఒప్పుకోదు, కాబట్టి బల్బే మార్చాలి’ అని చేర్చాడు. ఆ వాక్యానికి ‘కీ’లో మార్కులుండవు. మాస్టారు వేశారు.

ఈ వ్యాసకర్తకు అక్కడ తట్టిన విషయం ఒక్కటే. పుస్తకం లోపలికి రావచ్చా, రాకూడదా అన్నది రెండో ప్రశ్న. లోపల ఏ ప్రశ్న అడుగుతున్నాం అన్నది మొదటిది. ‘నిర్వచింపుము’ అని అడిగినంతకాలం జేబులోని స్లిప్పుకు విలువ ఉంటుంది, స్క్వాడ్లకు పని ఉంటుంది. ఆ బాలుడి జవాబును ఏ స్లిప్పు అందించగలదు?

నిజానికి ఇది మన బోర్డుకు కొత్తేమీ కాదు. పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో ఒక గద్యాన్ని ఇచ్చి, దానిని చదివి ప్రశ్నలకు జవాబులు రాయమనడం ఎంతోకాలంగా ఉంది. జవాబు కళ్లెదుటే ఉంటుంది. అయినా ఏటా మార్కులు పోగొట్టుకునేవారుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో పాఠ్యపుస్తకాలను మార్చినప్పుడు ‘ఆలోచించండి - చర్చించండి’ అంటూ మంచి ప్రశ్నలు చేర్చారు. చాలాచోట్ల వాటి జవాబులను గైడ్ల నుంచి దించుకోవడంతోనే ఆ ఆలోచన ముగిసింది. ఇంజినీరింగ్ విద్యార్థులు నిర్మాణ డిజైను పరీక్షకు ఐఎస్ 456 కోడు పుస్తకాన్ని, థర్మోడైనమిక్స్‌కు స్టీమ్ టేబుల్స్‌ను తీసుకుని వెళతారు. న్యాయవాదుల అర్హత పరీక్షలో పుస్తకాలను ఒకప్పుడు పూర్తిగా అనుమతించి, అనంతరం వ్యాఖ్యానాలు లేని చట్ట ప్రతులకు పరిమితం చేశారు. ఏ పుస్తకం, ఎంతవరకు అని గీత గీయడమే అక్కడ జరిగింది.

పుస్తకం వేరు, ఫోను వేరు

ఆ గీత ఫోను వద్ద మరింత స్పష్టంగా ఉండాలి. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో, 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో పదో తరగతి ప్రశ్నపత్రాల ఫొటోలు పరీక్ష మొదలైన కొద్దిసేపటికే వాట్సాప్‌లో తిరిగాయి. పెద్దలే అందుకు కారకులని కేసులు నమోదయ్యాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత పరిస్థితి ఇంకా మారింది. ప్రశ్నను ఫొటో తీస్తే చాలు, పూర్తి జవాబు తెలుగులోనూ వచ్చేస్తోంది. పుస్తకంలో వెతకడానికి కొంత తెలిసి ఉండాలి, ఫోనుకు ఆ అవసరం లేదు. పైగా అది చెప్పింది తప్పో ఒప్పో పోల్చుకునే శక్తి ఆ వయసు పిల్లలకు ఇంకా రాలేదు. కాబట్టి సాంకేతికతను నేర్చుకునే వేళకు ఉంచి, పరీక్ష వేళకు దూరం పెట్టడమే ప్రస్తుతానికి సముచితం. కాలిక్యులేటరు సంగతి వేరు. లెక్క పద్ధతిని పరీక్షించే చోట దానిని ఇచ్చినా నష్టం లేదు.

సమానత్వం సంగతీ ఉంది. 2022 డిసెంబరులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులను పంపిణీ చేసింది. పాఠాలను ముందే వాటిలో నింపి ఇచ్చారు కనుక నెట్ లేకున్నా తెరుచుకునేవి. నెట్ ఆధారంగా పరీక్ష పెడితే మందస, మెళియాపుట్టి వంటి మండలాల కొండ గ్రామాల పిల్లలు పట్టణాల పిల్లలతో ఎలా పోటీపడగలరు? 2020 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంటినుంచే పుస్తకం చూసి రాసే పరీక్షను ఆన్‌లైన్‌లో నిర్వహించినప్పుడు వివాదం హైకోర్టుకు ఎక్కింది. రాజధానిలోనే ఆ స్థితి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పాఠ్యపుస్తకం మాత్రం కొండమీది బిడ్డకూ, కార్పొరేట్ బడి బిడ్డకూ ఒక్కటే. ఇప్పుడది ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్‌తో వస్తున్నందున మాధ్యమం మారి తడబడుతున్న పిల్లలకు మరీ అక్కరకు వస్తుంది. ఇంగ్లిష్‌లో ప్రశ్న అర్థంకాక తెలిసిన జవాబు రాయలేకపోతున్న పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు. వారికి ఎదుటి పుటలోని తెలుగు చూసుకునే అవకాశం ఇవ్వడాన్ని కాపీ అనగలమా?

అయితే తొందర పనికిరాదు. ఇటువంటి జవాబుపత్రాలను దిద్దడానికి సమయం పడుతుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకు కట్టలు ముందు పెట్టుకుని ‘కీ’ చూస్తూ దిద్దే ఉపాధ్యాయుడికి ఒక్కో జవాబును తూచి చూసే తీరిక ఎక్కడిది? పదో తరగతిలో ఇరవై ఇంటర్నల్ మార్కులు బడులకే అప్పగిస్తే ఏం జరిగిందో తెలిసినదే. ప్రైవేటు బడులు ఉదారంగా మార్కులు వేసుకుంటున్నాయన్న విమర్శల నడుమ 2019లో వాటిని తొలగించారు. వెయ్యి ప్రభుత్వ పాఠశాలలను సీబీఎస్‌ఈ వైపు నడిపించి, 2024లో పదో తరగతి పిల్లలను మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షకే తీసుకువచ్చిన అనుభవమూ మన ముందున్నది. పై నుంచి ఒక్కసారిగా దిగిన సంస్కరణ కింద నిలవడం అరుదు.

అందుచేత పబ్లిక్ పరీక్ష జోలికి పోకుండా, ఆరో తరగతి నుంచే బడిలో జరిగే చిన్న పరీక్షల్లో ఒకటి రెండు ప్రశ్నలను పుస్తకం తెరిచి రాయించడం ద్వారా మొదలుపెట్టవచ్చు. మార్కులు రికార్డుకు ఎక్కకపోతే పెంచి వేయవలసిన అవసరమూ ఉండదు. ఇటువంటి ప్రశ్నలు తయారుచేయడంలో ఉపాధ్యాయులకు శిక్షణ కావాలి. క్లస్టర్ సమావేశాల్లో రికార్డులు నింపడానికి పోతున్న గంటల్లో కొన్ని దీనికి వెచ్చించవచ్చు. విద్యాశాఖ ప్రత్యేకంగా నిధులివ్వవలసిన పని కాదిది.

ఆ భౌతికశాస్త్రం మాస్టారు తన రెండో స్లిప్ టెస్టుకు సిద్ధమవుతున్నారు. ఈసారి పరీక్షకు ముందు ఒక పీరియడు పూర్తిగా విషయసూచిక చూడడం, పాఠంలో కావలసిన పేరాను పట్టుకోవడం నేర్పుతారట. ప్రశ్నల కోసం పిల్లల ఇళ్ల నుంచి పాత కరెంటు బిల్లులు తెమ్మన్నారు. బిల్లు ఇంట్లో దొరకలేదని ముగ్గురు, మీటరే లేదని ఒకడు చెప్పినట్లు ఆయన తెలిపారు.