పాసుపుస్తకం మీద బొమ్మ మారింది, లోపలి తప్పులో?

కర్నూలు, కడప మెట్ట పల్లెల్లో ట్రంకుపెట్టెలో బంగారం ఉన్నా లేకున్నా పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. 1971 చట్టం కింద ఇచ్చే ఈ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ప్రాణంగా దాచుకుంటాం. బ్యాంకు అప్పుకైనా, అన్నదమ్ముల పంపకానికైనా అదే ఆధారం.

2020 డిసెంబరులో రీసర్వే మొదలుపెట్టిన గత ప్రభుత్వం పాసుపుస్తకాల మీద, సరిహద్దు రాళ్ళ మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ వేసింది. తాతలు చెమటోడ్చి సంపాదించిన భూమికి పాలకుల బొమ్మ ఎందుకని రైతులు నిలదీశారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ బొమ్మ తీసి రాజముద్ర వేయాలని నిర్ణయించారు. మంచిదే. పాలకులు మారతారు, ముద్ర రాష్ట్రానిది.

ఆ ముద్రలో అమరావతి శిల్పాల పూర్ణఘటం ఉంది. అట్ట మీద నిండుకుండ ఉంటే చాలదు, లోపలి లెక్క కూడా నిండుగా ఉండాలి. రీసర్వేలో విస్తీర్ణం తగ్గిన రైతు ఏం చేయాలి? నలుగురి పొలాలు ఒకే జాయింట్ ఎల్‌పీఎం నంబరులో పడితే అప్పెట్లా పుడుతుంది? సొంత పట్టా భూమి 22ఏ నిషేధిత జాబితాలో చేరితే అమ్మేదెలా? కౌలు రైతుకైతే పాసుపుస్తకమే లేదు. 2019 చట్టం కింద సాగు కార్డు కావాలన్నా భూయజమాని సంతకం పెట్టాలి.

అందుకే మేం కోరేది ఇదీ: గ్రామసభలో ప్రతి రైతు విస్తీర్ణం చదివి వినిపించాలి. తప్పులు పైసా ఖర్చు లేకుండా దిద్దాలి. యజమాని సంతకంతో పనిలేకుండా కౌలు కార్డులివ్వాలి.

రైతులారా, కొత్త పుస్తకం తీసుకునేటప్పుడు ముద్ర కన్నా ముందు సెంట్లు చూసుకోండి. పాత పుస్తకం జిరాక్సు తీసి భద్రపరచుకోండి.