తులసీదాస్ బలరామ్ మనవాడు కాడా?

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో సెల్టిక్ అని పేరుమోసిన ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. 1936లో కలకత్తా నుంచి వెళ్లిన మహమ్మద్ సలీం, బూట్లు లేకుండా కాళ్లకు గుడ్డపట్టీలు చుట్టుకుని ఆ క్లబ్‌కు ఆడింది రెండంటే రెండు మ్యాచ్‌లు. ఇంటి మీద బెంగతో తిరిగొచ్చేశాడు. అయినా సెల్టిక్ చరిత్ర చెప్పేవాళ్లు ఈనాటికీ సలీం పేరు తలుచుకుంటారు. పరాయి దేశపు మనిషి, రెండు ఆటలు. అంతమాత్రానికే వాళ్లు మరిచిపోలేదు.

మనమో? రెండు ఒలింపిక్స్ ఆడినవాణ్ణి మరిచిపోయాం.

తులసీదాస్ బలరామ్ 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. తల్లిదండ్రులు తమిళులు. పుట్టిందీ పెరిగిందీ ఆట నేర్చిందీ మాత్రం ఇక్కడే. పేదరికం ఎంతటిదంటే, అమ్ముగూడ నుంచి హైదరాబాద్‌కు ప్రాక్టీసుకు రావడానికి దారిఖర్చు ఉండేది కాదు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అద్దె సైకిలుకని చేతిలో రూపాయి పెట్టేవాడట. బలరామే చెప్పుకున్న సంగతి ఇది. ఆ రూపాయి ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఒక మాస్టారు తన జేబులోంచి తీసి ఇచ్చాడు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. కోచ్ మన రహీం. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, ఇరవై ఏళ్ల బలరామ్. ఈ నలుగురూ హైదరాబాదీలే. నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఆ తర్వాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంత ఎత్తు చూడలేదు. నెల వయసున్న రాష్ట్రానికి అంతకన్నా గొప్ప కానుక ఎవరివ్వగలరు? మన బడి పుస్తకాల్లో ఆ మాట నేను చదువుకోలేదు. మా పిల్లలూ చదువుకోలేదు.

1960లో రోమ్. ప్రపంచాన్ని వణికించిన హంగరీ మీద గోల్ కొట్టింది బలరామ్. పెరూ మీద కొట్టిందీ ఆయనే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఆ ఏడే అర్జున. మరుసటి ఏడాది ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను మింగేసింది, అప్పటికి ముప్పై ఏళ్లైనా నిండలేదు. ఆయనతో భుజం కలిపి ఆడిన చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు అర్హులే, అందులో సందేహం లేదు. మరి బలరామ్ ఏం తక్కువ? 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో ఆయన కన్నుమూశాడు. పద్మ పురస్కారం లేదు. బెంగాల్‌లో బతికి బెంగాల్‌లోనే పోయాడు. ఆయన కోసం గట్టిగా అడగాల్సిన గొంతు మనది. మనం అడగలేదు. ఇది సిగ్గుపడాల్సిన విషయం.

మా కొనకనమిట్ల లాంటి చోటు నుంచి ఫుట్‌బాల్ గురించి ఈ గోల ఎందుకని అడిగేవాళ్లున్నారు. తాగేనీళ్లకే కటకటలాడే నేల, వలసపోయే ఊళ్లు, మీకు బంతాట కావాలా అంటారు. కావాలి. కావాల్సింది మాకే. క్రికెట్‌కు బ్యాటు, ప్యాడ్లు, గ్లౌజులు కొనాలి. ఫుట్‌బాల్‌కు ఒక బంతి చాలు, ఇరవై మంది ఆడొచ్చు. పేదపిల్లలు ప్రపంచాన్ని గెలిచిన ఆట ఇది. బలరామ్ జీవితం చెప్పేదీ అదే. మా పొదిలి, మార్కాపురం, గిద్దలూరు బీళ్లలో పరుగెత్తే పిల్లల కాళ్లలో సత్తువ లేదని ఎవరైనా అనగలరా? వాళ్లకు బంతి ఇచ్చిందెవరు? రహీంలా భుజం తట్టిందెవరు?

2023 డిసెంబరులో ‘ఆడుదాం ఆంధ్రా’ అని రాష్ట్రమంతా పోటీలు పెట్టారు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. ఫుట్‌బాల్ లేదు! బలరామ్ పోయిన ఏడాదే ఇది జరిగింది. ఏ పార్టీ ప్రభుత్వమన్నది నాకు ముఖ్యం కాదు. ఊరూరా ఆటలు పెట్టినవాళ్లకు, మనల్ని ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లిన ఆట గుర్తుకే రాలేదు. నాకు కడుపు మండేది అందుకే.

హైదరాబాద్ ఇప్పుడు తెలంగాణది కదా, మనకేం సంబంధం అనే మాట కూడా విన్నాను. 1956 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఆడినప్పుడు బలరామ్ రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్. నదీజలాలకు కొట్లాడుకునే రెండు ప్రభుత్వాలు ఈ ఒక్క మనిషి విషయంలోనైనా కలిసి సంతకం చేయాలి. బలరామ్‌కు మరణానంతరం పద్మ పురస్కారం ఇవ్వాలని కేంద్రానికి సిఫారసు పంపాలి. రహీం, బలరామ్‌ల పాఠం తెలుగు వాచకంలోకి ఎక్కాలి. వచ్చే రాష్ట్రస్థాయి పోటీల్లో ఫుట్‌బాల్ ఉండాలి.

పీఈటీ మాస్టర్లూ, మీరు జీవోల కోసం ఆగొద్దు. రేపే బడికి ఒక బంతి తెండి. పిల్లల్ని గ్రౌండ్‌లో నిలబెట్టి, ఆట మొదలుపెట్టే ముందు బలరామ్ ఎవరో చెప్పండి.