కోటలోనా, కోట కిందా?

పోయిన సంచికలో మా రాజస్థాన్ ప్రయాణం గురించి రాస్తూ జైసల్మేరు సంగతి రెండు ముక్కల్లో ముగించాను. దాని మీద వచ్చినన్ని ఫోన్లు ఈ శీర్షిక మొదలుపెట్టాక మరి దేనికీ రాలేదు. సగం మంది అడిగింది ఒకటే. "ఊరు బాగుందన్నారు సరే, దిగడం ఎక్కడ దిగాలి? కోటలోనా, ఊళ్ళోనా, ఇసుకలో గుడారంలోనా?" హోటలు పేరు చెప్పమని కూడా కొందరు పట్టుబట్టారు. అది మాత్రం చెప్పను. బ్యాంకు ఉద్యోగిని, ఒకరికి సిఫారసు చేసి ఆనక మాట పడటం నాకెందుకు? కానీ ఏ పేటలో దిగాలో చెప్పగలను. ఆ ఊళ్ళో హోటలు కన్నా పేట ఎంచుకోవడమే అసలు విషయం.

మా బ్యాంకు ఆఫీసర్లకు నాలుగేళ్ళకోసారి దేశంలో ఎక్కడికైనా వెళ్ళిరావడానికి ఎల్.ఎఫ్.సి. ఉంటుందని మీలో చాలామందికి తెలుసు. 2023 డిసెంబరులో దాన్ని వాడుకుని నేను, మా ఆవిడ, మా అత్తగారు బయలుదేరాం. చెన్నై నుండి జోధ్‌పూరు, అక్కడి నుండి పడమరగా ఇంకో 300 కిలోమీటర్లు. దారంతా తుమ్మచెట్లు, జిల్లేడు పొదలు, అక్కడక్కడా మేకలు. చివరకు చదునైన నేల మీద ఒంటరిగా ఒక గుట్ట, దాని మీద పసుపు రాతి కోట కనిపిస్తాయి. గుట్ట ఎత్తు 250 అడుగులే అయినా చుట్టూ ఏమీ లేకపోవడం వల్ల చాలా పెద్దదిగా అనిపిస్తుంది. 1156లో రావల్ జైసల్ అనే రాజు పునాది వేశాడు. 99 బురుజులు. సాయంత్రపు ఎండ పడితే రాయి బంగారంలా మెరుస్తుంది కాబట్టి సోనార్ కిలా అన్నారు. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన సినిమాకు ఆ పేరే పెట్టాడు.

మన గోల్కొండకో, చంద్రగిరికో, జింజీకో వెళితే టిక్కెట్టు కొనుక్కుని చూసి, చీకటి పడేసరికి బయటికి వచ్చేస్తాం. ఇక్కడ అలా కాదు. తొమ్మిది వందల ఏళ్ళ నాడు కట్టిన గోడల మధ్య ఇవాళ్టికీ వందల కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. పిల్లలు బడికి పోతారు, ఆడవాళ్ళు గడపల మీద కూర్చుని కూరలు తరుగుతారు, ఆవులు సందుకి అడ్డంగా నిలబడతాయి. ఆ ఇళ్ళలో కొన్నింటిలో గదులు అద్దెకు ఇస్తారు. బురుజులోనే గది, కిటికీ తీస్తే కనుచూపు మేర ఎడారి.

మా ఆవిడ అడిగిందంటే అడగదూ? "కోటలో ఉండే వీలుండగా కింద ఎందుకండీ? మళ్ళీ ఈ జన్మలో వస్తామా?" అంది. కాదనడానికి ఏముంది? అయినా నేను బయలుదేరకముందే కింద, పాత ఊళ్ళో గది ఖాయం చేసి పెట్టాను. దానికి కారణం డబ్బు కాదు, నీళ్ళు.

ఆ గుట్ట మనం అనుకున్నంత గట్టిది కాదు. మెత్తని ఇసుకరాయి, దాని మధ్య బంకమన్ను పొరలు. బంకమన్ను సంగతి తెలిసిందే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పూర్వం కోటలోకి నీళ్ళు బిందెలతో వచ్చేవి. ఊరి పక్కన గడీసర్ చెరువు ఉంది. అక్కడ ముంచి, తల మీద పెట్టుకుని, గుట్ట ఎక్కాలి. అలా తెచ్చుకున్న నీటిని ఎవరు మాత్రం పారబోస్తారు? సందుల్లోని కాలువలు అరుదుగా పడే వాననీటిని బయటికి పంపడానికి కట్టినవి. అంతకు మించి వాటికి పని ఉండేది కాదు. తర్వాత కుళాయిలు వచ్చాయి, యాత్రికులు వచ్చారు, గదికొక స్నానాలగది, అందులో షవరు, వెస్ట్రన్ కమోడు వచ్చాయి. ఆ నీళ్ళన్నీ పాత కాలువలు మోయలేక గుట్టలోకి ఇంకాయి. మట్టి పొరలు కదిలాయి, పైనున్న గోడలు పగిలాయి. రాణీ మహలులో కొంత భాగం కూలితే మళ్ళీ నిలబెట్టారు. న్యూయార్కులోని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారు 1996లో ప్రపంచంలో ఆపదలో ఉన్న కట్టడాల జాబితా మొదటిసారి ప్రకటించినప్పుడే ఈ కోట అందులో ఉంది. 2013లో యునెస్కో రాజస్థాన్ కొండ కోటలు ఆరింటిని వారసత్వ సంపదగా గుర్తించింది, వాటిలో ఇదొకటి. పురావస్తు శాఖ బురుజులకు మరమ్మతులు చేయిస్తూనే ఉంది. అయినా మేము తిరిగి వచ్చిన ఎనిమిది నెలలకు, 2024 ఆగస్టు వానల్లో, వెలుపలి గోడ కొంత కూలిందని పేపర్లో చదివాను.

చెన్నైలో ఉండేవాడికి ఇది చాలా విచిత్రంగా ఉంటుంది. మనకు తెలిసిన కష్టం నీళ్ళు లేకపోవడం. 2019 ఎండాకాలంలో ప్లాస్టిక్ బిందెలు వరుసలో పెట్టి లారీ కోసం పడిగాపులు పడ్డాం. జోలార్‌పేట నుండి విల్లివాక్కానికి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చుకున్నాం. లేదంటే ఇంకో కష్టం, నీళ్ళు ఒకేసారి రావడం. 2015 డిసెంబరు మొదట్లో తాంబరంలో 24 గంటల్లో 490 మిల్లీమీటర్లు కురిసింది. జైసల్మేరులో రెండేళ్ళకు కూడా అంత వాన పడదు. అటువంటి ఊళ్ళో కోట నీటి వల్ల కుంగడం ఏమిటి? అయితే ఆ నీళ్ళు వానవి కావు, మనవి. మనలాంటివాళ్ళు రోజంతా ఇసుకలో తిరిగి వచ్చి పావుగంట షవరు కింద నిలబడితే పారే నీళ్ళు.

నేను చదివింది బి.కాం. కాబట్టి నాకు ప్రతిదీ లెక్కల పుస్తకంలాగే కనిపిస్తుంది. కోటలో గదికి బిల్లు ఇస్తారు. అందులో అద్దె ఉంటుంది, టిఫిను ఉంటుంది, పన్ను ఉంటుంది. గోడ తరుగుదల ఉండదు. ఆ ఖర్చు ఇంటాయన పుస్తకంలో లేదు, మన పుస్తకంలో లేదు, గుట్ట మాత్రం భరిస్తోంది. ఇదీ నా వాదన. మా ఆవిడకు రైల్లోనే చెప్పాను. "సరే లెండి, మీ లెక్కలు మీవి" అంది. ఒప్పుకున్నట్టో కాదో నాకు తెలియలేదు.

వెళ్ళిన రెండో రోజు కోట చూడటానికి పైకి వెళ్ళాం. నాలుగు ద్వారాలు దాటుకుంటూ, నునుపెక్కిన రాళ్ళ మీద మెలికలు తిరిగే ఎత్తు దారి. అత్తగారి మోకాళ్ళ సంగతి తెలిసి ఆటో మాట్లాడాం, లోపలి దసరా చౌకు దాకా ఎక్కించాడు. సందులో ఒక ఇంటి ముందు శాలువలు అమ్ముతున్నారు. ఆ ఇంట్లో పైన మూడు గదులు అద్దెకు కూడా ఇస్తారు. ఇంటాయనది నా వయసే ఉంటుంది. అత్తగారిని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. బ్యాంకులో పనిచేస్తానని తెలిసి వడ్డీ రేట్ల గురించి అడిగాడు. నేను నీళ్ళ గురించి అడిగాను.

ఆయనకు కోపం రాలేదు. బహుశా నాకన్నా ముందు వందమంది అడిగి ఉంటారు. "మా నాయనమ్మ గడీసర్ నుండి రోజుకు రెండు బిందెలు మోసింది సాబ్. మా ఇంటికి కుళాయి వచ్చిన రోజు ఆవిడ దానికి దండ వేసింది. ఇప్పుడు గోడ కోసం కుళాయి కట్టేయమని మా ఆవిడకు నేను చెప్పాలా, మీరు చెబుతారా?" అన్నాడు. తన గదుల్లో బకెట్, చెంబు మాత్రమే పెట్టాననీ, బట్టలు కింద ఊళ్ళోకి ఉతకడానికి పంపుతాననీ చెప్పాడు. షవరు లేదని కొందరు వెనక్కి వెళ్ళిపోతారట. "కోట కుంగుతోందని పుస్తకాల్లో రాస్తారు, మా ఇంటికి రాకండి అని రాస్తారు. మేము ఎక్కడికి పోవాలో ఎవరూ రాయరు."

నా దగ్గర సమాధానం లేదు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను శాలువల వైపు చూశాను.

ఆయన మాటలో న్యాయం ఉంది. ఈ ఊరు ఒకప్పుడు వర్తకం మీద బతికింది. సింధు వైపు ఒంటెల బిడారులు వెళ్ళే దారి ఇది. పట్వాల హవేలీ చూస్తే ఆ డబ్బు ఎంతో అర్థమవుతుంది. గుమాన్‌చంద్ పట్వా అనే షావుకారు 1805లో మొదలుపెట్టి కొడుకులు అయిదుగురికి అయిదు మేడలు కట్టించాడు. రాతిని జరీలా చెక్కారంటే నమ్మండి. బొంబాయి రేవు పెరిగాక బిడారులు తగ్గాయి, 1947లో సరిహద్దు పడి ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. మన షావుకారుపేటలోని మార్వాడీల పెద్దలు రాజస్థాన్ వదిలి ఇంత దూరం ఎందుకు వచ్చారో, ఇటువంటి ఊళ్ళు చూస్తే కొంత తెలుస్తుంది. వెళ్ళిపోకుండా మిగిలినవారికి ఇప్పుడు ఆధారం యాత్రికులే. అందుకని కోటలోకి అడుగే పెట్టవద్దని నేను అనను. తినేది కోటలో తినండి, కొనేది కోటలో కొనండి, గైడును అక్కడివాణ్ణే పెట్టుకోండి. స్నానం మాత్రం కిందికి వచ్చి చేయండి. తప్పనిసరిగా ఒక్క రాత్రయినా బురుజులో పడుకోవాలన్న కోరిక ఉంటే, అటువంటి చిన్న ఇల్లు చూసుకుని, బకెట్ నీళ్ళతో సరిపెట్టుకోండి. స్నానపు తొట్టి ఉందని గొప్ప చెప్పుకునే చోటికి మాత్రం పోకండి.

ఇంతకీ కింద దిగితే ఏం పోతుంది అంటారా? ఏమీ పోదు. కోటలో దిగితే కోట కనిపించదు! కపాలీశ్వరుడి గోపురం చూడాలంటే మాడవీధిలో నిలబడాలి గాని గోపురం ఎక్కి కూర్చుంటే ఏం కనిపిస్తుంది? పాత ఊళ్ళో ఏ మేడ ఎక్కినా కోట ఎదురుగా ఉంటుంది. పొద్దున్న లేత పసుపు, మధ్యాహ్నం తెలుపు, సాయంత్రం బంగారం. రాత్రి దీపాలు వెలిగాక అత్తగారు దుప్పటి కప్పుకుని మేడ మీద కూర్చుని, భోజనానికి పిలిచినా కిందికి దిగలేదు.

కోట అడుగునే ఉన్న సందులు, ఢిబ్బా పాడా వైపు, చూపుకి మంచివి. కానీ ఇళ్ళు ఇరుకు, మెట్లు నిటారు. గాంధీ చౌకు, అమర్‌సాగర్ పోల్ దగ్గర దిగితే బజారు, ఆటోలు, శాకాహార భోజనం అన్నీ చేతికందుతాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి నేను చెప్పేది ఇదే. గడీసర్ చెరువు వైపు కాస్త ప్రశాంతం, పొద్దున్నే నడకకు బాగుంటుంది. ఊరి బయట సమ్ రోడ్డులో పెద్ద పెద్ద హోటళ్ళు ఉన్నాయి, పచ్చగడ్డి, ఈతకొలను అన్నీ ఉంటాయి. కానీ అటువంటివి మహాబలిపురం రోడ్డులోనూ ఉన్నాయి, దానికోసం ఎల్.ఎఫ్.సి. ఖర్చు చేయాలా?

ఇక గుడారాలు. సమ్ ఇసుక తిన్నెలు ఊరికి 40 కిలోమీటర్లు. ఒంటె సవారీ, సూర్యాస్తమయం, మాంగణియార్ల పాట, వాళ్ళు గొంతెత్తితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఒక రాత్రి ఉన్నాం. పాట అయ్యాక పక్క గుడారాలవాళ్ళు లౌడ్‌స్పీకరులో సినిమా పాటలు పెట్టి అర్ధరాత్రి దాకా ఎగిరారు. ఎడారి నిశ్శబ్దం వినాలనుకుంటే ఖూరీ అనే పల్లె నయమని మా డ్రైవరు చెప్పాడు. మేము వెళ్ళలేదు. పిల్లలు ఉంటే సమ్ ఒక్క రాత్రి చాలు, పెద్దవాళ్ళయితే సాయంత్రం చూసి ఊళ్ళోకి వచ్చేయడం మేలు. గుడారంలో చలి మామూలుగా ఉండదు. మన పాండీబజారులో కొన్న స్వెట్టరును ఆ చలి అసలు లెక్కచేయలేదు.

కోటలోని జైన ఆలయాలు తప్పకుండా చూడండి. బయటివారిని పొద్దుటిపూటే రానిస్తారు, తోలు బెల్టు, పర్సు బయట పెట్టాలి. ఘోటువా లడ్డు తినండి. మాఘ పౌర్ణమి నాటికి మూడు రోజులు మరు మహోత్సవం జరుగుతుంది, ఆ రోజుల్లో వెళ్ళదలిస్తే గది చాలా ముందుగా చెప్పుకోవాలి. ఫోన్ చేసినప్పుడు రెండు సంగతులు అడగండి. మేడ మీద నుండి కోట కనిపిస్తుందా? ఆ మేడకు మెట్లు ఎన్ని? రెండోది మా అత్తగారు అడగమన్నారు.