శిక్షగా సమాజ సేవ: చోటు చూపేదెవరు?

భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1న అమలులోకి వచ్చింది. దానితో దేశ శిక్షా చట్టంలోని శిక్షల జాబితాలో ఒక కొత్త పదం చేరింది. మరణశిక్ష, యావజ్జీవం, కారాగారం, ఆస్తి జప్తు, జరిమానాల తరువాత ఆరవదిగా సంహితలోని 4వ సెక్షన్ సమాజ సేవను పేర్కొంది. 1860 నాటి భారత శిక్షా స్మృతిలో ఈ శిక్షకు చోటు లేదు. చిన్న నేరానికి మనిషిని జైలుకు పంపి, అక్కడి సావాసాలతో మరింత చెడిపోనివ్వడం కంటే, అతని చేత సమాజానికి పనికివచ్చే పని చేయించడం మేలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఆ ఆలోచనపై పెద్దగా విభేదాలు లేవు. మేజిస్ట్రేట్ తీర్పు చదివిన మరునాడు దోషి ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి కనిపించాలి, చేసిన గంటలను ఎవరు లెక్కగట్టాలి అన్న ప్రశ్నల దగ్గరే చిక్కు మొదలవుతుంది.

సంహిత ఈ శిక్షను ఆరు సందర్భాలకు పరిమితం చేసింది. ప్రభుత్వ ఉద్యోగి చట్టవిరుద్ధంగా వ్యాపారం చేయడం, న్యాయస్థానం ప్రకటన జారీ చేసినా హాజరు కాకపోవడం, అధికారిని విధి నిర్వహణలో కట్టడి చేసేందుకు ఆత్మహత్యకు యత్నించడం, ఐదు వేల రూపాయల లోపు విలువ గల దొంగతనం, బహిరంగ స్థలంలో మద్యం మత్తులో అనుచిత ప్రవర్తన, పరువు నష్టం ఆ ఆరు. వీటిలో ఐదింటికి సమాజ సేవ ఒక ప్రత్యామ్నాయం మాత్రమే. న్యాయమూర్తి జైలు గాని, జరిమానా గాని విధించి ఊరుకోవచ్చు. చిన్న దొంగతనం సంగతి వేరు. నిందితుడికి అది మొదటి శిక్ష అయి, వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, సమాజ సేవ శిక్షే విధించాలని 303వ సెక్షన్ చెబుతోంది. దుకాణంలో ఏదో చిన్న వస్తువు ఎత్తుకుపోయి పట్టుబడి, దాన్ని తిరిగి ఇచ్చేసిన కూలీని శిక్షించే మేజిస్ట్రేట్‌కు ఆ సెక్షన్ మరో దారి చూపలేదు. అందుచేత ఆ ఊళ్లో దోషిని పనికి తీసుకునే సంస్థ ఒకటైనా ఉందా లేదా అన్నది న్యాయస్థానం తప్పించుకోలేని ప్రశ్న అవుతుంది.

భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 23వ సెక్షన్ సమాజ సేవకు నిర్వచనం ఇచ్చింది. సమాజానికి మేలు చేసేదిగా న్యాయస్థానం ఆదేశించే పని, దానికి ప్రతిఫలం ఉండదు అన్నంతవరకే ఆ నిర్వచనం. ఎన్ని గంటలు, ఎన్ని రోజులు, ఏ తరహా పని, ఎవరి పర్యవేక్షణలో అన్న విషయాలను అది ముట్టుకోలేదు. బిల్లును పరిశీలించిన పార్లమెంటు హోం వ్యవహారాల స్థాయీ సంఘం ఈ లోటును ముందే గుర్తించింది. సేవ కాలాన్ని, స్వభావాన్ని నిర్దేశించాలని, పర్యవేక్షణకు ఒకరిని బాధ్యులను చేయాలని 2023లో సూచించింది. నిర్వచనం వచ్చింది గాని, గంటలూ పర్యవేక్షణా అందులోకి రాలేదు.

ఈ ఆలోచన దేశానికి కొత్తదేమీ కాదు. 1978లో శిక్షా స్మృతి సవరణ బిల్లులోనే సమాజ సేవను ప్రతిపాదించారు. రాజ్యసభ ఆమోదించిన ఆ బిల్లు 1979లో లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. 2015 నాటి బాల నేరస్థుల న్యాయ చట్టం ఈ పద్ధతిని బాలల విషయంలో అనుమతించింది. దాని నమూనా నియమాలు ఉద్యానవనాలు శుభ్రం చేయడం, వృద్ధులకు సేవ, ఆసుపత్రిలో సాయం, ట్రాఫిక్ వాలంటీరుగా పనిచేయడం వంటి ఉదాహరణలు కూడా ఇచ్చాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడూ సమాజ సేవ ప్రస్తావన చేరింది. సుప్రీంకోర్టు 2012లో ఢిల్లీ బీఎండబ్ల్యూ ప్రమాదం కేసులో దోషికి రెండేళ్ల సమాజ సేవ విధిస్తూ, ఆ ఏర్పాటు బాధ్యతను కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖకు అప్పగించింది. దేశ అత్యున్నత న్యాయస్థానం ఒక మంత్రిత్వ శాఖను ఆదేశించగలదు. మండల కేంద్రంలోని మేజిస్ట్రేట్‌కు ఆ వెసులుబాటు ఎక్కడిది?

ఆచరణలో న్యాయస్థానాలు తమకు తోచిన దారి వెతుక్కుంటున్నాయి. మద్యం తాగి వాహనాలు నడిపిన వారి చేత హైదరాబాద్ కూడళ్లలో ట్రాఫిక్ విధులు చేయించడం, 2023లో విశాఖపట్నం సాగర తీరంలో చెత్త ఎత్తించడం తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. వీటికి పత్రికల్లో మంచి ప్రచారం లభించింది. అయితే మందిని ఒకచోట చేర్చి, ఒకటి రెండు రోజుల్లో, ఫొటోల మధ్య ముగిసే పని వేరు. ఒక్క దోషి రెండు మూడు నెలల పాటు వారం వారం వచ్చి పూర్తి చేయవలసిన పని వేరు. మొదటిదానికి పోలీసు శాఖ సరిపోతుంది. రెండోదానికి ఒక స్థిరమైన వ్యవస్థ కావాలి. 2024 మే నెలలో పుణె కారు ప్రమాదం కేసులో మైనరుకు బెయిలిస్తూ బాలల న్యాయ మండలి ప్రమాదాలపై 300 పదాల వ్యాసం రాయమని, ట్రాఫిక్ పోలీసులతో పనిచేయమని ఆదేశించినప్పుడు దేశమంతటా ఆగ్రహం పెల్లుబికింది. ఇద్దరి ప్రాణాలు పోయిన ఘటనలో అటువంటి షరతులు అపహాస్యంగా తోచాయి. సంహిత నిర్దేశించిన ఆరు సందర్భాలకూ ఆ కేసుకూ సంబంధం లేకపోయినా, సమాజ సేవ అంటే తేలికగా వదిలేయడమన్న అభిప్రాయం జనంలో నాటుకోవడానికి అదొక కారణమైంది.

చోటు విషయంలో బ్రిటన్ అనుభవం గమనించదగినది. అక్కడ 1972 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ఈ శిక్షను ప్రవేశపెట్టింది. 40 నుంచి 240 గంటల వరకు పరిమితి పెట్టి, మరుసటి ఏడాది ఆరు ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. దోషి ఆ పనికి తగినవాడేనని ప్రొబేషన్ అధికారి నివేదికను బట్టి, అతనికి పని కల్పించే ఏర్పాటు ఆ ప్రాంతంలో ఉందని నిర్ధారించుకున్న తరువాతనే న్యాయస్థానం ఆదేశం ఇవ్వాలని చట్టమే షరతు విధించింది. ముందు చోటు, ఆ తరువాత తీర్పు. మన చట్టం ఈ క్రమాన్ని తిరగేసింది. పొరుగున శ్రీలంక 1999లో సమాజ ఆధారిత దిద్దుబాటు చట్టం తెచ్చి, అందుకోసం ప్రత్యేక శాఖనే ఏర్పరచింది. నేపాల్ 2017లో చేసిన శిక్షల అమలు చట్టంలో స్వల్ప కారాగార శిక్షలకు బదులుగా సమాజ సేవకు వీలు కల్పించింది. మన దేశంలో హర్యానా ప్రభుత్వం 2025లో ఈ శిక్ష అమలుకు మార్గదర్శకాలు ప్రకటించింది.

సంస్థల వైపు నుంచి చూస్తే వెనుకాడడానికి కారణాలు లేకపోలేదు. ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు రోగుల భద్రత ముఖ్యం. దొంగతనంలో శిక్షపడిన వ్యక్తిని వార్డులోకి ఎలా రానిస్తారు? పనిలో అతనికి దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? రాకపోతే న్యాయస్థానానికి ఎవరు రాయాలి? సిబ్బందే చాలని చోట హాజరు పట్టీ రాసే మనిషిని ఎక్కడ నుంచి తేవాలి? వృద్ధాశ్రమాలు, అనాథ శరణాలయాల విషయంలో ఈ సందేహాలు రెట్టింపవుతాయి. పిల్లలున్న చోటికి పంపకపోవడమే మంచిది. పంచాయతీ నర్సరీలు, చెరువు గట్లు, గ్రంథాలయాల్లో పుస్తకాలు సర్దే పని, బస్టాండ్ల నిర్వహణ వంటివి అంత ప్రమాదం లేనివి. వీటి జాబితాను జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తయారు చేసి, ఎప్పటికప్పుడు సవరించి మేజిస్ట్రేట్ల ముందు ఉంచగలదు. ఆ సంస్థలు జిల్లాల్లో ఇప్పటికే ఉన్నాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద నియమితులయ్యే అధికారులకు పర్యవేక్షణ అప్పగిస్తే కొత్త శాఖ అవసరం కూడా ఉండదు.

స్వచ్ఛంద సంస్థలు, ఆలయ ట్రస్టులు, గురుద్వారాలకు పంపవచ్చా అన్నది మరింత సున్నితమైన ప్రశ్న. నిర్బంధ శ్రమపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ ఒడంబడికను భారత్ 1954లో ఆమోదించింది. న్యాయస్థానం శిక్షగా చేయించే పనికి అది మినహాయింపు ఇస్తుంది. కాకపోతే ఆ పని ప్రభుత్వ అధికారి పర్యవేక్షణలో సాగాలి, మనిషిని ప్రైవేటు వ్యక్తులకు, కంపెనీలకు, సంఘాలకు అప్పగించకూడదు అన్నది షరతు. రాజ్యాంగంలోని 23వ అధికరణ వెట్టిచాకిరిని నిషేధిస్తోంది. ప్రజాప్రయోజనం కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవ విధించవచ్చని, అందులో కులం, మతం, జాతి, వర్గం ఆధారంగా వివక్ష చూపరాదని కూడా అదే చెబుతోంది. కఠిన శిక్ష అనుభవించే ఖైదీలకు సముచిత వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో తీర్పు ఇచ్చింది. జైలులో పనికి కూలి ఉంది, బయట చేసే ఈ పనికి లేదు. వెట్టి అన్న మాట బరువు తెలంగాణ పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు. ప్రైవేటు సంస్థ లాభానికి దోషి శ్రమను ధారపోయించడం ఆ గీత దాటడమే అవుతుంది.

పని స్వభావం గురించి కూడా ఆలోచించాలి. చాలా ఆదేశాలు చీపురు దగ్గరే ఆగుతున్నాయి. ఆసుపత్రి ఊడవడం, వీధి శుభ్రం చేయడం శిక్ష అని చాటితే, ఆ పనిని రోజూ జీవనోపాధిగా చేసే పారిశుధ్య కార్మికులు ఏమనుకోవాలి? అందులో అత్యధికులు ఏ కులాల నుంచి వస్తారో దాపరికం లేదు. కారాగారాల్లో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తేల్చింది. జైలు బయట చేయించే పనికీ ఆ సూత్రమే వర్తించాలి. చదువుకున్నవారికి గ్రంథాలయం, చదువులేనివారికి మరుగుదొడ్డి అన్న పద్ధతి అలవాటుగా మారితే దాన్ని తరువాత సరిదిద్దడం కష్టం. శ్రమదానం అన్న మాటలో ఉన్న గౌరవం ఈ శిక్షకు రాదు. అవమానంగా మాత్రం మారకుండా చూడవచ్చు.

జైళ్ల రద్దీ దీనితో తగ్గుతుందన్న ఆశ కొంత అతిగానే ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశ కారాగారాల్లో 5.73 లక్షల మంది ఉండగా, వారిలో సుమారు 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. సమాజ సేవ దోషిగా తేలిన తరువాత విధించే శిక్ష. విచారణకు ఎదురుచూస్తూ మగ్గే వారికి దానితో నేరుగా ప్రయోజనం లేదు.

అసలు నష్టభయం పేదవారికే ఎక్కువ. మత్తులో అల్లరి చేసినందుకు వెయ్యి రూపాయల వరకు జరిమానా కట్టగల వ్యక్తి అక్కడితో బయటపడవచ్చు. కట్టలేనివాడికి, లేదా చిన్న దొంగతనంలో చిక్కినవాడికి కొన్ని రోజుల కూలి పోతుంది. ఆదివారాల్లో, సాయంత్రాల్లో పని చేసుకునే వీలు కల్పిస్తే ఆ భారం తగ్గుతుంది. మహిళలకు ఇంటికి దగ్గరలో, భద్రత ఉన్న చోటు కావాలి. సేవ పూర్తి చేయకపోతే సంహితలోని 8వ సెక్షన్ ప్రకారం జైలు తప్పదు. చోటు దొరకక చేయలేకపోయినవాడిని, ఎగవేసినవాడిని వేరు చేసి చూడాలన్న స్పష్టమైన మాట ఆ సెక్షన్‌లో లేదు.

వలస కూలీల సంగతి మరీ జటిలం. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చిన కార్మికుడు, శ్రీకాకుళం నుంచి చెన్నైకి వెళ్లిన తాపీ మేస్త్రీ శిక్షపడిన ఊళ్లోనే నెలల తరబడి ఉండలేరు. పని ముగిసిన వెంటనే బయలుదేరక తప్పదు. మిగిలిన గంటలను సొంత జిల్లాకు బదిలీ చేసుకుని అక్కడ పూర్తి చేసే పద్ధతిని రెండు సంహితల్లో దేనిలోనూ పొందుపరచలేదు. హైకోర్టుల నియమాల ద్వారా గాని, రాష్ట్ర ప్రభుత్వాల ఉత్తర్వుల ద్వారా గాని ఆ ఏర్పాటు జరిగేదాకా, ఊరు మారిన ప్రతి దోషీ న్యాయస్థానం దృష్టిలో ఆదేశం ఉల్లంఘించినవాడిగానే మిగులుతాడు.