ఎయిర్‌పోర్ట్ దిగాక పాప ఎక్కడ కూర్చుంటుంది?

అమెరికా వెళ్లేవాళ్ల ప్యాకింగ్ లిస్టు నాకు కంఠతా వచ్చు. ఆవకాయ, కందిపొడి, చిన్న కుక్కర్, ఇడ్లీ రేకులు, పాపకి ఏడాదికి సరిపడా బట్టలు, పిల్లల డాక్టర్ రాసిన సిరప్‌లు. ఇరవై మూడు కిలోలు దాటిందా లేదా అని బాత్రూమ్ వెయింగ్ మెషీన్ మీద సూట్‌కేస్ పెట్టి చూడటం, ఆ తర్వాత ‘ఈ పచ్చడి నీ బ్యాగులోనా, నా బ్యాగులోనా’ అని పంచాయితీ. ఇంత పెద్ద లిస్టులో కారు సీటు మాత్రం కనపడదు.

మొన్న మా బాబాయిగారబ్బాయికి వీసా స్టాంపింగ్ అయింది. వచ్చేది మేముండే డాలస్ వైపే. వాళ్ల పాపకి ఇరవై నెలలు, పదకొండు కిలోలు. వీడియో కాల్‌లో మా మరదలు అడిగింది: “వదినా, హైదరాబాద్‌లో కొన్న కార్ సీట్ ఉంది. తొమ్మిది వేలు పెట్టాం. తెచ్చేయమంటావా, అక్కడ కొనాలా?”

దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు: తేవద్దు, ఇక్కడే కొనండి. కానీ ఎందుకో చెప్పకపోతే తొమ్మిది వేలు పోసిన వాళ్లకి మనసొప్పదు కదా.

కార్ సీటు మిక్సీ లాంటిది కాదు. మిక్సీకి ఇక్కడ వోల్టేజ్ ఒక్కటే సమస్య, ట్రాన్స్‌ఫార్మర్ పెడితే తిరుగుతుంది. కార్ సీటుకి దేశం దేశానికీ విడి పరీక్ష, విడి లేబుల్ ఉంటాయి. అమెరికాలో అమ్మే ప్రతి సీటూ ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 213 అనే ఫెడరల్ ప్రమాణం దాటాలి, ఆ మాట సీటు మీద అంటించిన లేబుల్ మీద ఉండాలి. యూరప్‌లో, బ్రిటన్‌లో అయితే గుండ్రని గీతలో ‘ఈ’ అక్షరం ఉన్న నారింజ రంగు స్టిక్కర్ చూడాలి. దాని మీద ఆర్44 అనో, కొత్తదైతే ఆర్129 అనో రాసి ఉంటుంది. మన దేశంలో ప్రమాణం పేరు ఏఐఎస్-072. అది ఆర్44కి దగ్గర చుట్టం. అందుకే హైదరాబాద్ షోరూముల్లో ఆ నారింజ స్టిక్కర్ సీట్లు చాలా కనిపిస్తాయి. మా తమ్ముడు కొన్నదీ అదే రకం.

మంచి సీటే. కానీ టెక్సస్ చట్టం దృష్టిలో అది కార్ సీటే కాదు. ఇక్కడ ఎనిమిదేళ్లలోపు పిల్లలు, ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు దాటితే తప్ప, ఫెడరల్ ప్రమాణానికి సరిపోయే సీటులో ఉండాలి. లేకపోతే 25 డాలర్ల నుంచి 250 డాలర్ల దాకా ఫైన్. ఆ లేబుల్ లేని సీటు ఎంత ఖరీదైనా లెక్కలోకి రాదు.

“సరే, ఫైన్ సంగతి వదిలెయ్, సీటు మంచిదే కదా” అన్నాడు తమ్ముడు. పరీక్షలే కాదు, సీట్ల కట్టుబడిలోనే తేడా ఉంది. అమెరికా సీటు పట్టీలకి ఛాతీ దగ్గర ఇంకో క్లిప్ ఉంటుంది. యూరప్ తరహా సీట్లకి మామూలుగా అది ఉండదు, ఒక్క నొక్కుతో పిల్లని బయటికి తియ్యాలన్నది అక్కడి పద్ధతి. రేపు ఇక్కడ డేకేర్ టీచరో, పక్కింటి ఫ్రెండో పాపని కూర్చోబెట్టాల్సి వస్తే, వాళ్ల చేతులకి అలవాటైంది క్లిప్ ఉన్న సీటే. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే ప్రశ్నలు వేరే.

పిన్ని పక్కనే కూర్చుని అంతా వింటోంది. ఇక ఆగలేకపోయింది.

“ఏమిటే ఈ గోల? మిమ్మల్నందరినీ లూనా ముందు నిలబెట్టుకుని ఊరంతా తిప్పాం. ఏమయింది? ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి అరగంటేగా, తల్లి ఒళ్లో గట్టిగా పట్టుకుంటే చాలదూ?”

“పిన్నీ, ఏమీ కానివాళ్లమే కదా ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటున్నాం” అన్నాను. పిన్ని ఏమీ అనలేదు. వాళ్ల వీధిలో జరిగిన సంగతి ఒకటి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఈ ‘ఒళ్లో పట్టుకుంటా’ అన్నది మన పెద్దవాళ్ల ఒక్కళ్ల మాటే అనుకోకండి. కార్ సీటు తప్పనిసరి అని అమెరికాలో మొట్టమొదట చట్టం తెచ్చిన రాష్ట్రం టెనెసీ. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు పట్టుబట్టి సాధించాడు. 1978 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వచ్చింది కానీ, శాసనసభ్యులు అందులో ఒక మినహాయింపు ఇరికించారు: పెద్దవాళ్లు చేతుల్లో పట్టుకుంటే సీటు అక్కర్లేదని. అంటే అచ్చం మా పిన్ని మాటే. శాండర్స్ మళ్లీ పోరాడితే 1981లో ఆ మినహాయింపు తీసేశారు. ఆ క్లాజుకి అప్పట్లో పడ్డ పేరుని తెలుగులో చెప్పాలంటే ‘పిల్లల్ని నలిపేసేది’ అనాలి. ఎందుకంటే గుద్దుకున్నప్పుడు ముందుకి విసురుగా వెళ్లే పెద్దవాళ్లకీ, డాష్‌బోర్డ్‌కీ మధ్య ఉండేది పాపే.

లెక్క కూడా చూద్దాం, టెన్త్ ఫిజిక్సే. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉంది. దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోయింది. పది కిలోల పాపని ఆ క్షణంలో పట్టి ఆపాలంటే 140 కిలోల బరువుని మొయ్యగల బలం కావాలి. ఏ తల్లి చేతుల్లో ఉంటుంది? పైగా డాలస్ ఫ్రీవే మీద 50లో ఎవరూ వెళ్లరు. 70 మైళ్లు, అంటే 110 కిలోమీటర్ల పైమాటే. పిన్ని అన్న ఆ అరగంట ప్రయాణం మొత్తం ఆ రోడ్డు మీదే.

అందుకే కార్ సీటు కొనడంలో అసలు ప్రశ్న ఏ బ్రాండ్ అన్నది కాదు. మొదటి ప్రయాణానికి సీటు ఎవరు తెస్తారు? ఎయిర్‌పోర్ట్‌కి కారు తెచ్చే ఫ్రెండ్‌కి పెళ్లయి ఉండకపోవచ్చు, వాడికి సీటంటే డ్రైవర్ సీటే. దిగాక చూద్దాంలే అనుకుంటే, ఇరవై రెండు గంటలు ప్రయాణం చేసి, పాప ఏడుస్తుంటే, ఆరు సూట్‌కేసులు చుట్టూ పెట్టుకుని ఎవ్వరూ కార్ సీటు కొనడానికి వెళ్లరు. ఒళ్లోనే కూర్చోబెడతారు. కాబట్టి బయల్దేరడానికి రెండు వారాల ముందే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, ఆ ఫ్రెండ్ అడ్రస్‌కి డెలివరీ ఇప్పించండి. వచ్చిన సీటుని అతను ముందురోజే కారులో బిగించి పెట్టుకోవాలి, పార్కింగ్‌లో నిలబడి మాన్యువల్ చదవడం కాదు.

ఇక ఏది కొనాలి? ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలతో వచ్చేవాళ్లకి నా ఓటు కన్వర్టబుల్ సీటుకే. మొదట వెనక్కి తిప్పి, పెరిగాక ముందుకి తిప్పి వాడుకోవచ్చు. బుట్ట లాంటి ఇన్‌ఫాంట్ సీటు ఆ వయసుకి చిన్నదైపోతుంది, బూస్టర్‌కి ఇంకా టైముంది. ధర చూసి భయపడొద్దు, ధర చూసి నమ్మనూ వద్దు. అరవై డాలర్ల చుట్టుపక్కలదీ, నాలుగొందలు దాటిందీ రెండూ తప్పనిసరిగా పాసవ్వాల్సిన ఫెడరల్ పరీక్ష ఒకటే. ఎక్కువ డబ్బుకి మెత్తదనం, సులువుగా బిగించే ఏర్పాటు, ఎక్కువ ఎత్తూ బరువుల దాకా వాడుకునే వీలు వస్తాయి. కొత్తగా వచ్చి సెకండ్‌హ్యాండ్ కరోలా కొనుక్కునే వాళ్లయితే సీటు లావు ఎంతో చూసుకోండి. భారీ సీటు వెనక్కి తిప్పి పెడితే ముందు కూర్చునే మనిషి మోకాళ్లు డాష్‌బోర్డ్‌కి తగులుతాయి. మీ ఆయన ఆరడుగులైతే ఇది చిన్న విషయమేమీ కాదు.

వెనక్కి తిప్పడం గురించి మన ఇళ్లల్లో పెద్ద చర్చే నడుస్తుంది. ‘ఏడాది దాటింది కదా, పాపం ముందుకి చూడనివ్వండి, కాళ్లు ముడుచుకుపోతున్నాయి.’ పిల్లలు బాసింపట్టు వేసుకుని హాయిగానే కూర్చుంటారు, ఇబ్బంది పడేది చూసే మనం. చిన్నపిల్లల తల శరీరంతో పోలిస్తే పెద్దది, మెడ లేతది. కారు ఎదురుగా గుద్దుకుంటే, ముందుకి చూసే పిల్లకి తల విసురుగా ముందుకి లాగేస్తుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బని సీటు వీపంతటా పంచుతుంది. బెర్టిల్ అల్డ్‌మన్ అనే స్వీడన్ ప్రొఫెసర్‌కి ఈ ఆలోచన వచ్చింది వ్యోమగాముల్ని చూసి. జెమినీ నౌకలో వాళ్లు వెల్లకిలా పడుకుని ఆ ఒత్తిడిని వీపుతో తీసుకోవడం చూసి, 1964లో వోల్వో కారులో మొదటి నమూనా పరీక్షించాడు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018 నుంచి చెప్పేది కూడా ఇంతే: వయసుతో పనిలేదు, ఆ సీటు మీద రాసిన ఎత్తూ బరువూ దాటేదాకా వెనక్కే ఉంచండి. ముందు సీట్లో, పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా మాత్రం ఇలాంటి సీటు ఎప్పుడూ పెట్టకూడదు.

బిగించడం ఇంకో కథ. బెల్ట్ వెళ్లే దారి దగ్గర సీటుని పట్టుకుని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత రాకూడదు. ఛాతీ క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీద కాదు. కారుకున్న లాచ్ కొక్కేలకి తగిలిస్తారో, సీట్‌బెల్ట్‌తో కడతారో మీ ఇష్టం, మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప రెండూ కలిపి వాడొద్దు. అనుమానం ఉంటే సర్టిఫైడ్ టెక్నీషియన్లు ఉన్నారు. చాలా ఊళ్లలో ఆసుపత్రులూ ఫైర్ స్టేషన్లూ ఉచితంగానే చూసిపెడతాయి. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే చాలు. బాక్సులో ఒక రిజిస్ట్రేషన్ కార్డు వస్తుంది, దాన్ని పారేయకండి. మీ పేరు కంపెనీ దగ్గర ఉంటేనే రీకాల్ వచ్చినప్పుడు కబురు అందుతుంది.

మన వాళ్లకి మాత్రమే వచ్చే సమస్యలు రెండున్నాయి. ఒకటి స్వెటర్, దాని మీద జాకెట్, ఆపైన మంకీ క్యాప్. మందపాటి జాకెట్ మీద పట్టీ బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది, దెబ్బ తగలగానే దూది నలిగి పట్టీ వదులైపోతుంది. జాకెట్ విప్పి పట్టీ కట్టి, పైన దుప్పటి కప్పండి. రెండోది పట్టు పరికిణీ. బకిల్ కాళ్ల మధ్య నుంచి రావాలి, పరికిణీ అంతా అక్కడ ఉండచుట్టుకుంటుంది. మా ఇంట్లో పండగలకి పరికిణీ సంచిలో వస్తుంది, గుడి పార్కింగ్‌లో కడతాం.

వాడేసిన సీటు ఎవరైనా ఇస్తామంటే? సొంత అక్కాచెల్లెళ్లో, దాని చరిత్ర మొత్తం తెలిసిన వాళ్లో అయితే తీసుకోండి. సీటుకీ ఎక్స్‌పైరీ ఉంటుంది, తయారైన ఆరు నుంచి పదేళ్లని సీటు కింద అచ్చు వేసి ఉంటుంది. ఓ మాదిరి యాక్సిడెంట్ అయినా చూసిన సీటు, పైకి గీత లేకపోయినా, పనికిరాదు. ముక్కూ మొహం తెలియని వాళ్ల దగ్గర ఇరవై డాలర్లకి కొంటే ఈ రెండూ ఎలా తెలుస్తాయి?

ఇక్కడితో అయిపోదు, మనవాళ్లు ఒక చోట ఉంటే కదా. హెచ్1బీ తేలక కెనడా వెళ్లిపోయే కుటుంబాలు ఎన్నో. అదే కంపెనీ, అదే మోడల్, అదే రంగు సీటు అక్కడా అమ్ముతారు. కానీ మేపుల్ ఆకు ఉన్న నేషనల్ సేఫ్టీ మార్క్ లేని సీటు కెనడాలో కాపురం ఉండేవాళ్లకి చెల్లదు. ఆస్ట్రేలియాకీ అంతే, అక్కడి ప్రమాణం ఉన్నదే కొనాలి. బ్రిటన్‌లో పన్నెండేళ్లు లేదా 135 సెంటీమీటర్లు, ఏది ముందైతే అప్పటిదాకా సీటు. జర్మనీలో ఆ ఎత్తు 150.

తిరిగి హైదరాబాద్ వచ్చేవాళ్లు అమెరికా సీటు తెచ్చుకుంటే? కొత్త కార్లకి వెనక ఐసోఫిక్స్ కడ్డీలు ఉంటున్నాయి, లాచ్ కొక్కేలు వాటికి పడతాయి. అవి లేని కారైతేనే చిక్కు. అమెరికా కారు బెల్ట్‌ని పూర్తిగా లాగితే లాక్ పడుతుంది, మన దగ్గర చాలా కార్ల బెల్ట్‌లు అలా పడవు. సీటుకే లాక్ చేసే ఏర్పాటు ఉందేమో చూసుకుని తెండి. మన దగ్గరా 2019 సవరణ తర్వాత, పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టో సీటో లేకుండా నడిపితే వెయ్యి రూపాయల ఫైన్ ఉంది. ఎవరు రాస్తున్నారు అని మాత్రం నన్నడక్కండి.

మా తమ్ముడి తొమ్మిది వేల సీటు పిన్ని వాళ్ల కారులోనే ఉండిపోయింది. ప్రయాణానికి ముందు నెల రోజులూ పాపకి అందులో కూర్చోవడం అలవాటు చేశారు, లేకపోతే ఇక్కడ దిగాక ఏడుపు భరించలేం. సెలవులకి వెళ్లినప్పుడు మళ్లీ అదే పనికొస్తుంది. డాలస్‌లో సీటు బిగించింది తమ్ముడి ఫ్రెండ్. పెళ్లి కాలేదు, యూట్యూబ్ చూసి గంటన్నర కుస్తీ పట్టాడట.

కాలం చెల్లిన సీటు మీ దగ్గరుంటే అలాగే డంప్‌స్టర్ పక్కన పెట్టకండి. కత్తెరతో పట్టీలు కోసి, మార్కర్‌తో వెనకాల ‘ఎక్స్‌పైర్డ్’ అని పెద్దగా రాయండి. బాగానే ఉంది కదా అని ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్తారు.